సాయంత్రం నాలుగు గంటల పాఠకులు

అయ్యంకి వెంకట రమణయ్య గారి స్మృతికి నివాళిగా చేసిన ఉపన్యాసం



అయ్యంకి వారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు గ్రంథాలయ ఉద్యమ చరిత్ర చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయం, 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్లో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన జరిగిన సభ, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టుక, మరుసటి ఏడు ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక. ఇవన్నీ మీకు తెలిసినవే. కొందరికి నాకంటే బాగా తెలుసు. నేను ఎంచుకున్న విషయం చిన్నదిగా కనిపించవచ్చు. గ్రంథాలయంలోకి వచ్చిన పిల్లల్ని ఎవరు చూసుకోవాలి? వాళ్లు అక్కడ ఎలా మసలుకోవాలి? వాళ్లు అల్లరి చేసినప్పుడు మనం ఏం చెయ్యాలి? ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచి పదవీ విరమణ దాకా ఈ మూడు ప్రశ్నలూ నన్ను వదల్లేదు. వీటికి సమాధానం రాసి ఉన్న కాగితం ఒక్కటి కూడా నా బల్ల సొరుగులోకి రాలేదు. అందుకే ఈ అవకాశాన్ని దీనికే వాడుకుంటున్నాను.

1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో తొలి పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక అయ్యంకి వారి పట్టుదల ఉంది. ఆ తేదీని గుర్తుపెట్టుకునే ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకుంటున్నాం. అదే రోజు బాలల దినోత్సవం కూడా. ఆ వారం రోజులూ మన గ్రంథాలయాలు పిల్లలతో నిండిపోతాయి. యూనిఫాం వేసుకుని వరసగా నడిచి వస్తారు. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, క్విజ్, చివరి రోజు బహుమతులు. ఫొటో మరునాడు జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. 21వ తేదీ సాయంత్రం ఆ పిల్లల్లో ఒకరు ఒంటరిగా, మాస్టారు వెంట లేకుండా, చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి తొంగి చూస్తే, “ఏం కావాలి? ఎవరితో వచ్చావు?” అని అడుగుతాం. గొంతులో పిలుపు ఉండదు, వాకబు ఉంటుంది. మిగిలిన యాభై ఒక్క వారాల గురించే నా మాటలు.

ముందు ఆ వచ్చే పిల్లలెవరో చూద్దాం. బడి నాలుగు గంటల ప్రాంతంలో వదులుతారు. మన శాఖా గ్రంథాలయాలు సాయంత్రం పూట తెరిచేదీ ఇంచుమించు అప్పుడే. నాన్న ఆటో తోలుతుంటాడు, అమ్మ నాలుగిళ్లలో పని చేసుకుని చీకటి పడ్డాక గానీ రాదు. ఇంటికి తాళం. ఆ తాళం చెవి మెడలో వేసుకుని వచ్చే పిల్లలు కొందరు. పక్క ఊరి బస్సు ఆరున్నరకు గానీ లేక, బస్టాండులో నిలబడటం ఇష్టం లేక వచ్చే ఆడపిల్లలు కొందరు. తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చే ఎనిమిదేళ్ల అక్కలు ఉంటారు. వీళ్లను నేను ప్రతి ఊళ్లోనూ చూశాను. తాతయ్య పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని ఆదివారం అనుబంధంలో బొమ్మలు చూసే మనవలు ఉంటారు. నిజంగా పుస్తకం కోసమే, పోయినసారి చదివిన కథ తర్వాత ఏమైందో తెలుసుకోవాలనే ఆత్రంతో పరుగున వచ్చేవాళ్లు తక్కువే. కానీ మొదట నీడ కోసం, ఫ్యాను కోసం వచ్చినవాళ్లలోనే కొంతకాలానికి అటువంటివాళ్లు తయారవుతారు. ఏ పిల్ల పాఠకురాలవుతుందో గుమ్మం దగ్గర నిలబెట్టి తేల్చే విద్య మనకెవరికీ లేదు.

వచ్చాక ఏం చేస్తారు? ఫ్యాను స్విచ్చు వేసి తీస్తారు. కుర్చీ లాగి చప్పుడు చేస్తారు. మెట్లుంటే ఎక్కి దిగుతారు. బోర్లా పడుకుని చదువుతారు. ఒక పుస్తకం మీద నలుగురు వంగి, పేజీ ఎవరు తిప్పాలనే దగ్గర పోట్లాడుకుంటారు. ఇవన్నీ మన ఫిర్యాదుల పుస్తకంలో ‘గొడవ’ అనే ఒకే పద్దు కింద చేరతాయి. వీటిలో కొన్ని ఆపాల్సినవి, కొన్ని దారి మళ్లించాల్సినవి, కొన్ని అసలు గొడవే కానివి. ఈ తేడా తెలియకపోవడం వల్లే మనం పిల్లల్ని పోగొట్టుకుంటున్నాం.

గొడవ కాని గొడవల్లో మొదటిది పైకి చదవడం. రెండో తరగతి పిల్ల తెలుగు చదివేటప్పుడు పెదవులు కదపకుండా ఉండలేదు. అక్షరం కింద ఒత్తు ఉంటుంది. చదువు నేర్చుకుంటున్న నోరు ముందు పై అక్షరాన్ని పలికి, ఆగి, కింద ఉన్న ఒత్తును చూసి, వెనక్కి వచ్చి రెండింటినీ కలుపుకుంటుంది. గుణింతం తప్పితే చెవికి తెలుస్తుంది. చెవికి తెలిశాక నోరు దిద్దుకుంటుంది. ఇది పెద్దవాళ్లకు గొణుగుడులా వినిపిస్తుంది. ఆ పిల్లను “మనసులో చదువుకో” అని కసిరితే, ఆమె మనసులో చదవదు. చదవడం ఆపి బొమ్మలు చూస్తుంది, కాసేపటికి లేచి వెళ్లిపోతుంది. మనకు మాత్రం గది నిశ్శబ్దంగా ఉన్నట్టు తోస్తుంది.

గ్రంథాలయంలో మనిషి గొంతు వినబడటం మన ఉద్యమానికి కొత్త కాదు. చదువురానివాళ్లను కూర్చోబెట్టి పత్రిక చదివి వినిపించడం ఆనాటి గ్రామ గ్రంథాలయాల నిత్యకృత్యం. ఊరివాళ్లలో చాలామందికి అక్షరం రాని కాలంలో గ్రంథాలయం బతికిందే గొంతు మీద. వయోజన విద్య కోసం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పడిన పాటంతా ఆ గొంతుకు అక్షరం నేర్పడానికే. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ రేవుల్లో ‘నిశ్శబ్దం’ బోర్డు ఎవరూ కట్టి ఉండరు. తరువాతి రోజుల్లో గ్రంథాలయమంటే గోడ మీద ఆ ఒక్క మాట రాసి ఉన్న హాలనే అభిప్రాయం స్థిరపడింది. పరిశోధకులకు, పరీక్షలు రాసేవాళ్లకు అది అవసరమే, కాదనను. దాన్ని అందరికీ ధర్మశాస్త్రంగా చేయడంతోనే నా పేచీ.

పిల్లల గదుల చరిత్ర ఇతర దేశాల్లో ఎలా మొదలైందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1896లో న్యూయార్కు నగరానికి చేరువన, బ్రూక్లిన్ ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో పిల్లల కోసమే కట్టిన గది తెరిచారు. అది ఆన్ కారల్ మూర్ అనే గ్రంథపాలకురాలి చేతికి వచ్చింది. అంతకుముందు చాలాచోట్ల పిల్లల్ని, కుక్కల్ని లోపలికి రానివ్వబోమని బోర్డులుండేవి. ఆమె 1906లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగాల బాధ్యత తీసుకున్నారు. 1911లో అక్కడి ప్రధాన భవనంలో పిల్లల గది తెరిచారు. వచ్చే పిల్లల్లో వలస కుటుంబాలవాళ్లు ఎక్కువ. ఇంట్లో ఇంగ్లిషు రాదు, తల్లిదండ్రులు మిల్లుల్లోనో కుట్టు పనిలోనో ఉంటారు. అంటే నేను ఇందాక చెప్పిన తాళంచెవి పిల్లలే. మూర్ నిశ్శబ్దం బోర్డులు తీయించారు. పుస్తకాలు పిల్లల చేతికందే ఎత్తులో పెట్టించారు, వాళ్ల వాళ్ల భాషల పుస్తకాలు తెప్పించారు, కథలు చెప్పించారు. ఇంకో పని కూడా చేశారు. సభ్యత్వం తీసుకునే ప్రతి పిల్లా ఒక పెద్ద రిజిస్టరులో తన పేరు తానే రాయాలి. అలా రాయడమంటే పుస్తకాలను ఇక్కడా ఇంట్లోనూ జాగ్రత్తగా చూసుకుంటానని, గ్రంథాలయ నియమాలు పాటిస్తానని మాట ఇచ్చినట్టు. తండ్రి సంతకంతో, పూచీకత్తుతో మొదలయ్యే మన దరఖాస్తు ఫారానికీ దానికీ ఎంత దూరమో చూడండి. అక్కడ నియమం పిల్ల నోటి నుంచి వచ్చింది. తను ఇచ్చిన మాట కాబట్టి దాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదల కూడా పిల్లదే అవుతుంది.

మన దేశంలో 1951లో యునెస్కో సాయంతో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ మొదలైనప్పుడు పిల్లల విభాగం అందులో మొదటి నుంచీ భాగం. తెలుగులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు, 1947 జూలైలో ‘చందమామ’ వచ్చింది. పిల్లలు చదువుతారని, వాళ్లకంటూ చదువు వేరే ఉంటుందని మన సమాజం అప్పటికే ఒప్పుకుంది. మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం 1948లో, హైదరాబాదు చట్టం 1955లో, రెండు ప్రాంతాలకూ కలిపి ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో వచ్చాయి. పుస్తకాలు ఉపయోగించుకోవడానికేనని, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రీకరించారు. ఆయన చెప్పిన ‘ప్రతి పాఠకుడి’లో ఆరేళ్ల పిల్ల లేదని ఎవరూ అనలేరు.

ఇప్పుడు మన హాళ్లలోకి వద్దాం. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినవాళ్లకు తెలుసు, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినవాళ్లకూ తెలుసు. ఏ జిల్లా కేంద్రంలో చూసినా ఇదే. తెల్లారకముందే యువకులు వచ్చి కుర్చీ పట్టుకుంటారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలు. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చదివేవాళ్లుంటారు. ఒకే గదిలో నలుగురు అద్దెకుండి, చదువుకునే చోటు లేక వచ్చేవాళ్లు. ఊళ్లో తండ్రి పంపే డబ్బు కోచింగ్‌కే చాలదు, స్టడీహాలుకు ఎక్కడి నుంచి తెస్తారు? వీళ్లు గ్రంథాలయానికి వచ్చినందుకు నాకు గర్వంగా ఉంది. వీళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ వీళ్లు పెరిగిన కొద్దీ మన పాలకులు గ్రంథాలయమంటే పోటీ పరీక్షల హాలు అనుకోవడం మొదలుపెట్టారు. కొనుగోళ్లలో గైడ్లు పెరిగాయి. బాలల విభాగం అని బోర్డున్న గదిలో అదనపు బల్లలు పడ్డాయి. పిల్లల పుస్తకాల బీరువా వరండాలోకో, మేడ మీదికో, తాళం వేసిన గదిలోకో పోయింది. అప్పటి నుంచి పిల్లల గొంతు ప్రతిదీ ఒక అభ్యర్థి భవిష్యత్తుకు అడ్డంగా కనిపించసాగింది.

నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతాను. రెండు గదులున్నచోట సమస్య లేదు, తలుపు వేసుకుంటే సరిపోతుంది. ఒక్కటే గది ఉన్న శాఖలో సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఆ గది పిల్లలది కావాలి. శుక్రవారం మనకు సెలవు కాబట్టి ఆదివారం తెరిచే ఉంటాం. ఆదివారం పొద్దుటి పూట కూడా వాళ్లదే కావాలి. బయట బోర్డు మీద ఆ మాట రాయాలి. పెద్దవాళ్లు ఆ వేళ వస్తే రావచ్చు, చదువుకోవచ్చు, శబ్దం గురించి ఫిర్యాదు మాత్రం చెల్లదు. అభ్యర్థికి ఉదయం ఉంది, రాత్రి ఉంది. కావాలంటే ఉదయం వేళలు పెంచుదాం, రాత్రి పొద్దుపోయేదాకా తెరుద్దాం, దానికోసం కొట్లాడదాం. పిల్లకు మాత్రం రోజులో దొరికేది ఆ రెండు గంటలే. ఈ మాట అన్నందుకు ఒక గ్రంథాలయంలో అభ్యర్థులు నాతో వాదించారు. “మేడం, మాకు నోటిఫికేషన్ పడి నాలుగేళ్లయింది, ఇంకెప్పుడు చదవాలి?” అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే వాళ్లకు జరిగిన అన్యాయం రెండో తరగతి పిల్ల చేసినది కాదు. ఆ మాట చెప్పినప్పుడు వాళ్లలో ఇద్దరు వారానికోసారి ఆ రెండు గంటలూ పిల్లలకు లెక్కలు చెప్పడానికి ఒప్పుకున్నారు.

ఇక చూసుకోవడం ఎవరి బాధ్యత? “పిల్లల్ని మా మీద వదిలేసి పోతున్నారండీ, మేమేమన్నా ఆయాలమా?” అని మన సిబ్బంది బాధపడతారు. ఆ బాధ నిజం. చాలా శాఖల్లో మనిషి ఒక్కరే. పేపర్లు ఫైలు చెయ్యాలి, అక్సెషన్ రిజిస్టరు రాయాలి, పుస్తకాలు ఇవ్వాలి, తీసుకోవాలి, నెలవారీ నివేదిక పంపాలి, ఊడ్చే మనిషి రాకపోతే ఊడ్చుకోవాలి. ఇంత పనిలో ఇరవైమంది పిల్లల మీద కన్ను వేసి ఉంచమంటే ఎలా?

అమెరికాలో 1980లలో ఇదే సమస్య పెద్ద చర్చ అయింది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు పోతే బడి వదిలాక పిల్లలు గ్రంథాలయాల్లో గంటల తరబడి ఉండిపోయేవారు. దానిమీద అక్కడి గ్రంథాలయాలు నియమాలు రాసుకున్నాయి. ఫలానా వయసు లోపు పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాలి, మూసే వేళకు ఎవరూ తీసుకెళ్లడానికి రాకపోతే కాసేపు చూసి పోలీసులకు చెబుతాం అని. ఆ వయసు ఊరికో రకంగా ఉంటుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ నియమాలు బాగా తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు, “మన దగ్గర కూడా ఇలా పెట్టొచ్చు కదా” అని నాతో అన్నవాళ్లున్నారు. నియమం రాసి పెట్టడం మంచిదే, ఆ పని మనమూ చెయ్యాలి. కానీ ‘పెద్దలు వెంట లేనిదే ప్రవేశం లేదు’ అని మన శాఖల్లో పెడితే లోపలికి వచ్చేది కారులో దిగే పిల్లలు మాత్రమే. అమ్మ పాచిపనికి పోయిన పిల్ల బయటే ఉండిపోతుంది. గ్రంథాలయం అవసరం ఎక్కువున్నది ఆ పిల్లకే.

కాబట్టి మన నియమం మన బతుకుల్లోంచి రావాలి. ఒంటికి వెళ్లాలని చెప్పుకోలేని, దారి తప్పితే ఇంటి గుర్తులు చెప్పలేని పసివాళ్ల పక్కన పెద్ద మనిషి ఉండి తీరాలి. ఆ విషయంలో మొహమాటం వద్దు. కాస్త పెద్దపిల్లలు ఒంటరిగా రావచ్చు. వాళ్ల కోసం ఒక రిజిస్టరు పెట్టాలి. పిల్ల తన పేరు తానే రాయాలి. ఎవరి పిల్ల, ఇంటికి తీసుకెళ్లేది ఎవరు, ఫోన్ నంబరేమిటి, ఒంటరిగా నడిచి వెళ్తుందా అన్నవి మొదటిరోజే తల్లితోనో తండ్రితోనో మాట్లాడి రాసుకోవాలి. ఆ మాటల్లోనే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ పుస్తకాలుంటాయి, పెద్దవాళ్ల కన్ను ఉంటుంది, కానీ ఇది బిడ్డను అప్పగించి వెళ్లే చోటు కాదు, జ్వరమొస్తే ఫోన్ చేస్తాం, మీరు రావాలి అని. మర్యాదగా, కూర్చోబెట్టి చెబితే ఏ తల్లీ తప్పు పట్టుకోదు. కూలికెళ్లే తల్లులు మనం చెప్పింది ఎంత శ్రద్ధగా వింటారో నేను చూశాను.

తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చే అక్క సంగతి వేరు. ఆ పిల్లను మనం కాపరిగా లెక్క వేసుకోకూడదు. “నీ తమ్ముడు ఏడుస్తున్నాడు, బయటికి తీసుకెళ్లు” అన్న ప్రతిసారీ ఇద్దరు పాఠకుల్ని వెళ్లగొడుతున్నాం. చాప మీద నాలుగు చెక్క బొమ్మలు, చింపినా ఫరవాలేదనుకునే పాత పత్రికలు పెడితే ఆ తమ్ముడు అరగంట ఆడుకుంటాడు. ఆ అరగంటా అక్కది. ఆ అరగంటలో ఆమె చదివే నాలుగు పేజీలకు నేను చాలా విలువ ఇస్తాను.

భద్రత గురించి చెప్పడానికి మనవాళ్లు జంకుతారు. నేను జంకకుండా చెబుతాను. గ్రంథాలయం అందరికీ తెరిచిన చోటు. అందరిలో మంచివాళ్లే ఉండరు. పిల్లల మూల ఎప్పుడూ కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి తల తిప్పకుండా కనబడాలి. మేడ మీద, వెనక స్టోరు పక్కన, ఎత్తైన బీరువాల చాటున పిల్లల విభాగం పెట్టడం ప్రమాదం. అక్కడ పెట్టిన అధికారి దాన్ని ఖాళీ జాగా అనుకున్నాడు, పిల్లలుండే జాగా అనుకోలేదు. తలుపుకు లోపల గడియ ఉండకూడదు. మరుగుదొడ్డి దారిలో దీపం వెలగాలి. వెంట పిల్లలెవరూ లేని పెద్దమనిషి పిల్లల చాప దగ్గర రోజూ కూర్చుంటుంటే, “మీ కుర్చీ ఇటుందండీ” అని చెప్పే ధైర్యం మనకుండాలి. ఆయన నొచ్చుకున్నా సరే. మన సిబ్బందికి కూడా ఇదే నియమం. ఏ పిల్లతోనైనా మూసిన గదిలో ఒంటరిగా ఉండటం వద్దు. దాతలు వచ్చినప్పుడు పిల్లల ముఖాలు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం వద్దు.

2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి విధి. జరిగినది తెలిసీ చెప్పకపోతే అదీ నేరమే. “మనకెందుకు, పరువు పోతుంది” అనే మాటకు చట్టంలో చోటు లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న 1098 ఫోన్ నంబరు ప్రతి గ్రంథాలయంలో పిల్లల కంటి ఎత్తులో, తెలుగు అంకెలో ఇంగ్లిషు అంకెలో ఏవైనా సరే, పెద్దగా రాసి ఉండాలి. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్ల ఆ సాయంత్రం ఇంటికి పోనని పుస్తకాల మధ్య కూర్చుండిపోయిన సందర్భం నాకు ఎదురైంది. అప్పుడు ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. శిక్షణ తరగతుల్లో వర్గీకరణ, సూచీకరణ నేర్పారు. వాటితో పాటు ఇదీ నేర్పాలి.

అల్లరి చేస్తే ఏం చెయ్యాలన్నది చివరి ప్రశ్న. మొదట బీరువాల వైపు చూడమంటాను. అద్దాల బీరువా, దానికి తాళం, తాళంచెవి సార్ దగ్గర. లోపల రంగురంగుల అట్టలు కనబడుతుంటాయి, చెయ్యి అందదు. మిఠాయి కొట్టు అద్దం ముందు నిలబెట్టి కదలొద్దన్నట్టు ఉంటుంది ఆ పిల్లల పరిస్థితి. ముట్టుకోవడానికి ఏమీ లేని పిల్ల ఫ్యాను స్విచ్చు ముట్టుకుంటుంది. తాళం తీసి, పుస్తకాలు కింది అరల్లో పెట్టి, కింద చాప పరిస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది. ఇది నేను పనిచేసిన ప్రతిచోటా చూసిన సంగతి. పుస్తకాలు పోతాయి కదా అంటారు. కొన్ని పోతాయి, కొన్ని చిరుగుతాయి. ‘మంచి పుస్తకం’ వంటి ప్రచురణ సంస్థలు తక్కువ ధరకు చక్కటి పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి, మళ్లీ కొనుక్కోవచ్చు. తాళం వెనక ముప్పై ఏళ్లు కొత్తగా ఉండిపోయి, ఎవరూ తెరవకుండానే చెదలు పట్టిన పుస్తకాలను రద్దు పద్దులో రాసిన చేతులివి. ఆ రద్దు కన్నా చిరుగు మేలు.

నియమాలు మూడు నాలుగు చాలు. వాటిని పిల్లలతోనే రాయించాలి. వాళ్లకు వదిలేస్తే మనకంటే కఠినంగా రాస్తారు, కొన్ని కొట్టేయాల్సి వస్తుంది. “పరిగెత్తాలంటే బయట, చదవాలంటే లోపల” అని ఒక పిల్ల రాసింది. నేను రాసినా అంత బాగా రాసేదాన్ని కాదు. తప్పు చేసినప్పుడు పేరు పెట్టి పిలిచి, దగ్గరకు వెళ్లి, కింద కూర్చుని చెప్పాలి. హాలు ఈ చివర నుంచి అరిచి చెబితే, అరవకూడదన్న నియమం మనమే తప్పినట్టు. పుస్తకం చింపితే జిగురు సీసా, బట్ట ముక్క తెచ్చి ఆ పిల్లతోనే అతికించాలి. జరిమానా తండ్రి జేబుకు పోతుంది, తండ్రి చెయ్యి పిల్ల వీపుకు పోతుంది, పిల్ల మళ్లీ రాదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించే శిక్షల్ని నిషేధించింది. గ్రంథాలయం బడి కాదు కాబట్టి అది మనకు వర్తించదని వాదించే మనిషి మన వృత్తిలో ఉండకూడదు. గోడకుర్చీ వేయించడం, చెవి మెలిపెట్టడం, బయట నిలబెట్టడం, కార్డు లాక్కోవడం వద్దు. ఇంకొకర్ని కొడుతున్న పిల్లను ఆ రోజుకు ఇంటికి పంపాల్సి రావచ్చు. పంపేటప్పుడు “రేపు రా నాన్నా” అన్న మాట చెప్పి పంపాలి, ఇంట్లోవాళ్లకు తెలిపి పంపాలి.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఇద్దరు పిల్లలు ఒకే అల్లరి చేస్తుంటే మన కన్ను ముందు ఎవరి మీద పడుతుందో గమనించండి. ఇస్త్రీ బట్టల పిల్ల చేస్తే ‘చురుకు’ అంటాం, మాసిన చొక్కా పిల్ల చేస్తే ‘ఒరేయ్, ఏ పేట నుంచి వచ్చావురా’ అంటాం. పేట పేరు అడగడమంటే ఏం అడగడమో మనందరికీ తెలుసు. చేతులు మురికిగా ఉంటే కొళాయి చూపించాలి, సబ్బు పెట్టాలి. ఆ పని ఇస్త్రీ బట్టల పిల్లకూ చెయ్యాలి. గ్రంథాలయంలో పిల్లల ప్రవర్తన గురించి మాట్లాడేటప్పుడు మన ప్రవర్తన కూడా అందులో భాగమే.

డబ్బెక్కడిది అంటారు. ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున స్థానిక సంస్థలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నాయి. ఊళ్లో ఇల్లున్న ప్రతివాళ్లూ ఆ పైసలు కడుతున్నారు. వసూలైన పన్నును గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యకుండా ఏళ్ల తరబడి బకాయి పెట్టే మున్సిపాలిటీలు, పంచాయతీలు ఎక్కడెక్కడున్నాయో ఈ సభలో ఉన్న కార్యదర్శులకు తెలుసు. నేను అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. శాఖకు సాయంత్రం రెండు గంటలకు ఒక సహాయకురాలు. పిల్లల్తో మెలగడం తెలిసిన ఆ ఊరి అమ్మాయి అయితే చాలు. వేసవి విజ్ఞాన శిబిరాల్లో మనం ఇప్పటికే ఈ పని చేస్తున్నాం. రిటైరైన మాస్టార్లు వచ్చి కథలు చెబుతారు, కాగితాలతో బొమ్మలు చేయిస్తారు, పుస్తకం చదివిస్తారు. ఆ నెలన్నర పిల్లలు అల్లరి చేస్తున్నారన్న ఫిర్యాదు దాదాపు రాదు. పిల్లలు మారిపోరు, వాళ్లతో ఒక పెద్ద మనిషి ఉంటారు, అంతే. ఆ ఏర్పాటును జూన్‌లో చాప చుట్టి అటక మీద పెట్టకుండా వారానికి రెండు సాయంత్రాలైనా ఏడాది పొడుగునా నడపాలి.

చివరగా, తలుపులు మూసే వేళ ఒక పిల్ల మిగిలిపోతే చెయ్యాల్సిన పని. ఇది ప్రతి శాఖలో ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. వర్షమొస్తుంది, బస్సు ఆగిపోతుంది, అమ్మ పనిచేసే ఇంట్లో చుట్టాలొస్తారు. పిల్లను గేటు బయట నిలబెట్టి తాళం వెయ్యకూడదు. మన బండి మీద ఎక్కించుకుని ఇంటికి దింపకూడదు, మన ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. దీపాలు వేసి ఉంచాలి. ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, సిబ్బంది ఒక్కరే అయితే పక్క దుకాణం ఆవిణ్ణో, బడి మాస్టారినో పిలవాలి. రిజిస్టరులో ఉన్న నంబర్లన్నింటికీ ఫోన్ చెయ్యాలి. అరగంటకూ ఎవరూ రాకపోతే పోలీస్ స్టేషనుకు, 1098కు చెప్పాలి, వాళ్లు వచ్చేదాకా పిల్ల పక్కనే ఉండాలి. జరిగినది వేళతో సహా రాసిపెట్టాలి. మరునాడు తల్లి వస్తే నిందించకుండా మాట్లాడి, ఇంకో నంబరు తీసుకోవాలి. ఈ పద్ధతిని ఒక పేజీలో తెలుగులో రాసి, అన్ని శాఖలకూ పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. పిల్లల వేళలు, రిజిస్టరు నమూనా, కౌంటరుకు కనబడేచోట పిల్లల మూల అన్నవి కూడా ఆ సర్క్యులర్‌లోనే చేర్చవచ్చు. వేసవి శిబిరాలు మొదలయ్యేలోపు అది శాఖలకు అందేలా చూడమని ఈ వేదిక మీద ఉన్న కార్యదర్శి గారిని కోరుతున్నాను. దానికి ముసాయిదా రాసి తెచ్చాను, సభ అయ్యాక వారి చేతికి ఇస్తాను.